పొద్దున మోసిన ఉప్పు

మేం ఇల్లు మారుతున్నాం. ఖతర్‌లోని అల్ ఘర్రాఫాలో పాత విల్లాను గోడలు కట్టి వాటాలు చేస్తే, అందులో రెండు గదుల వాటా మాది. నేను పెరిగింది అక్కడే. సామాను సర్దుతుంటే మంచం వెనుక గోడకు ఆనించి ఉన్న ప్లాస్టిక్ చాప ఒకటి కనిపించింది. ఎరుపు, ఆకుపచ్చ చారల చాప. శుక్రవారాలు అందరం దాని మీద కూర్చునే అన్నం తినేవాళ్ళం. విప్పి పరిచాను. ఒక మూల అంచు పట్టీలో బూడిదరంగు మరక అలాగే ఉంది. దాన్ని చూసి గుర్తుపట్టింది ముందు నా కళ్ళు కాదు, నా అరికాళ్ళు. కాలివేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయాయి.

బాపు గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. “ఇది ఇంక ఉన్నదా!” అన్నాడు, పాత దోస్తు ఎదురైనట్టు. వంగి ఆ మరకను బొటనవేలితో రుద్దాడు. నా ముఖం చూడకుండానే, “చలి పోకముందు ఒక్కపారి చెరువు కాడికి పోయొద్దామా బిడ్డా?” అని అడిగాడు. వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది: “మీరు పోతే పోండ్రి. నేను రాను. ఆ చాప గూడ రాదు.” నేను చాపను మళ్ళీ చుట్టాను. నేను మామూలుగానే ఎక్కువ మాట్లాడను. ఇంట్లో ఇది అందరికీ అలవాటే. రోజూ డైరీ రాస్తాను కానీ ఆ చెరువు గురించి ఒక్క ముక్కా రాసుకోలేదు. రాస్తే మళ్ళీ అక్కడ నిలబడాలి కదా అని భయం.

ఆ నీళ్ళకు పేరు ఉందో లేదో మాకు తెలియదు. అల్ ఖోర్ ఊరు దాటాక రోడ్డు వదిలేసి, గులకరాళ్ళ నేల మీద చాలాసేపు పోయాక పిక్అప్ ఆగేది. అక్కడి నుంచి బండి ముందుకు పోదు. ఎదురుగా కంటికి ఆనినంత మేర తెల్లటి మైదానం, దాని అవతల ఇసుకదిబ్బల మధ్య నీలంగా నీళ్ళు. సన్నటి పాయలోంచి సముద్రం లోపలికి వచ్చి నిలిచిన చోటు అది. మూడు వైపులా ఒడ్డే కనిపిస్తుంది కాబట్టి బాపు దాన్ని చెరువు అన్నాడు, మేమూ అదే అన్నాం. ఆ తెల్లదనమంతా ఉప్పు. నేల అడుగున ఉన్న ఉప్పునీరు పైకి ఊరి, ఎండకు ఆరి, పెచ్చులా కడుతుంది. ఇక్కడివాళ్ళు అలాంటి నేలను సబ్ఖా అంటారు. ఎండాకాలంలో అది రాయిలా ఉంటుంది, కానీ ఎండాకాలంలో అక్కడికి ఎవరు పోతారు? మేం పోయేది చలిరోజుల్లోనే. చలి వెనక్కి తగ్గే వేళకు, ఒకటో రెండో వానలు పడ్డాక, ఆ పెచ్చు అడుగు నుంచి మెత్తబడుతుంది. పైకి మాత్రం ఎప్పటిలాగే తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

గురువారం సాయంత్రం నుంచే ఇంట్లో వాసన మారేది. అమ్మ గోధుమపిండిలో పసుపూ ఇంగువా వేసి గట్టిగా తడిపి ముద్ద చేసేది. అది మాకు కాదు, చేపలకు. ఇంగువ లేకపోతే చేప దగ్గరికి రాదని బాపు నమ్మకం. పొద్దున్నే ఖాదర్ చిచ్చా వచ్చేవాడు. ఆయనది నిజామాబాద్. బాపు కంపెనీలోనే మెకానిక్. బిర్కత్ అల్ అవామిర్‌లో పనివాళ్ళ క్యాంపులో ఉండేవాడు. కంపెనీ బండ్లన్నిటికీ బాపు ఫోర్‌మన్. ఆ ముద్ద వాసన చూసి చిచ్చా ప్రతిసారీ ముక్కు మూసుకుని బాపుతో అనేవాడు: “గంగన్నా, ఇవి అరబ్బు చేపలు. వీటికి ఇంగువ కాదు, ఇలాచి కావాలె. జర వదినెకు చెప్పు.” అమ్మ వెనక్కి తిరగకుండానే, “ఇలాచి పెడితే చేపలు రావు ఖాదరన్నా, నువ్వొస్తవ్” అనేది. చిచ్చా పొట్ట కదిలేలా నవ్వేవాడు. ఆయనది పెద్ద శరీరం. స్టీరింగ్ ముందు కూర్చుంటే పిక్అప్ ఒక పక్కకు ఒరిగేది. బాపు గాలపు దారాన్ని ఖాళీ నీళ్ళ సీసాకు చుడుతూ, ప్రతి చుట్టనూ వేలితో నొక్కి చూసుకుంటూ ముందు సీట్లో కూర్చునేవాడు.

మా బడి భూగోళం పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. మంచుదేశంలో గడ్డకట్టిన సరస్సు మీద ఒకాయన చిన్న స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మంచుకు చిల్లు పెట్టి అందులోకి గాలం వదిలాడు. చలికాలం చివర మంచు పైకి గట్టిగానే ఉన్నా అడుగున కరుగుతుందని, అప్పుడు దాని మీదికి వెళ్ళడం ప్రమాదమని బొమ్మ కింద రాసి ఉండేది. ఆ పేజీ నేను లెక్కలేనన్నిసార్లు చదివాను. ఆయన వెనుక ఒడ్డు ఎంత దూరంలో ఉందో బొమ్మలో గీయలేదు. నన్ను భయపెట్టింది అదే. ఒకసారి బండిలో ఉండబట్టలేక బాపుకు చెప్పాను, మంచు మీద కూర్చుని చేపలు పడతారట అని. “పట్టనియ్. మనకు మంచు యాడిది బిడ్డా?” అన్నాడు. “ఉన్నది గదా, ఫ్రిజ్‌ల!” అన్నాడు చిచ్చా. ఇద్దరూ నవ్వారు. నేను కిటికీ వైపు తిరిగాను. అప్పటికే బయట తెల్లటి నేల మొదలైంది.

ఆ ఉప్పు మీద నడవడానికి బాపుకు ఒక పద్ధతి ఉండేది. లుంగీ పైకి కట్టి, చెప్పులు బండిలో వదిలి, తను ముందు నడిచేవాడు. “నన్ను మోసిందంటే మిమ్ముల మోస్తది” అనేవాడు. ఆయన అడుగులోనే నేను అడుగు వేయాలి, నా వెనుక చిచ్చా అదే అడుగులో. తిరిగొచ్చేటప్పుడు కూడా ఆ గుర్తుల్లోనే. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో ఎండిన చెరువును దాటేటప్పుడు అందరూ అలాగే చేస్తారట. పదిమంది తొక్కిన బాట గట్టిపడుతుంది. బాట తప్పి కాలు పెడితే కింద ఒండ్రు ఉంటుంది. బాపు చిన్నప్పుడు గొడ్లను తోలుకుంటూ నేర్చుకున్న జ్ఞానం అది. దాన్ని అంత దూరం నుంచి మోసుకొచ్చి, సముద్రపు ఉప్పు మీద పరిచాడు. నా కాలు ఆయన అడుగులో గిన్నెలో చెంచాలా పడేది. ప్రతి అడుగుకూ పెచ్చు కరకరమనేది. ఆ శబ్దం నాకు చెవుల్లో కాదు, పళ్ళలో వినిపించేది. బాపు వీపు మీదే చూపు నిలిపి, ఊపిరి బిగబట్టి నడిచేదాన్ని. ఊపిరి తీసుకుంటే బరువు పెరుగుతుందని ఎందుకో అనుకునేదాన్ని.

చలి వెనక్కి తగ్గుతుండగా ఒక వారం వాన పడింది. శుక్రవారం పొద్దున పొగమంచు కమ్మి చల్లగా ఉంది. ఒడ్డునే చేపలు వేయించి పెడతానని చిచ్చా మాటిచ్చాడు కాబట్టి అమ్మ కూడా వచ్చింది. పిక్అప్ పక్కన ఈ చాప పరుచుకుని, ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చుంది. మేం ముగ్గురం వరుసగా నడిచి చెరువు చేరాం. ఆ రోజు చేపలు పిచ్చిపట్టినట్టు పడ్డాయి. ఎక్కువగా సాఫీ చేపలు, గోధుమరంగువి, ఒంటి నిండా మచ్చలు. “ముట్టకు బిడ్డా, దాని ముల్లు గుచ్చుకున్నదంటే పొద్దుగూకేదాక ఏడుస్తవ్” అంటూ చిచ్చా ఒక్కోదాని వీపు ముళ్ళు కత్తిరించి బకెట్లో వేశాడు. పొగమంచు విడిపోయింది. ఎండ వీపు మీద వెచ్చగా తగిలింది. నేను కూర్చున్న రాయి మొదట పొడిగా ఉండేది, కాసేపటికి దాని చుట్టూ నీళ్ళు చేరాయి. పాయలోంచి సముద్రం పెరుగుతోంది. చిచ్చా “యల్లా గంగన్నా, పోదం. ఆకలైతుంది” అన్నాడు. బాపు “ఇంకొక్కటి” అన్నాడు. మళ్ళీ “ఇంకొక్కటి.” చేప పడుతున్నప్పుడు బాపు ముఖం పిల్లవాడి ముఖంలా అయ్యేది. కంపెనీలో, ఇంట్లో ఎప్పుడూ కనిపించని ముఖం.

తిరిగి బయలుదేరాం. బాపు ముందు, భుజం మీద నిండు బకెట్. పొద్దుటి అడుగులు వరుసగా కనిపిస్తున్నాయి, కానీ ప్రతి అడుగులోనూ నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఎండకు మెరుస్తూ, దూరం దాకా చిన్నచిన్న అద్దాలు పేర్చినట్టు.  “బాపూ, అడుగుల్ల నీళ్ళున్నయ్” అన్నాను. నా గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు. ఆయనకు వినిపించింది. “ఉంటే ఏమాయె? పొద్దున మోసింది ఇప్పుడు మొయ్యదా?” అన్నాడు, వెనక్కి చూడకుండా.

కొంత దూరం మోసింది. తర్వాత బాపు కుడికాలు పిక్క దాకా దిగింది. ఆయన నవ్వాడు. కాలు లాగబోయి బరువంతా ఎడమకాలి మీద వేశాడు, అదీ దిగింది. పెద్ద చప్పుడేమీ లేదు. పెరుగు గిన్నెలో గరిటె దిగినట్టు, అంతే. మోకాళ్ళు కనిపించకుండా పోయాయి. తర్వాత లుంగీ మడత. పెచ్చు కింద నుంచి బూడిదరంగు బురద పైకి ఉబికింది. కుళ్ళిన గుడ్డు వాసన. బాపు నవ్వు ఆగిపోవడం వెనుక నుంచే తెలిసింది నాకు. ఆయన మెడ బిగుసుకుంది.

“ఆగు, నేనొస్తున్న” అని చిచ్చా నన్ను దాటి ముందుకు వచ్చాడు. రెండడుగులు వేశాడో లేదో ఆయన కాలూ మోకాలి దాకా పోయింది. “యా అల్లా!” అని వెనక్కి పడి, వీపు మీద పాకి ఎలాగో బయటపడ్డాడు. ఫోన్ తీసి సాయం కోసం కాల్ చేశాడు. అవతల ఎవరో ఎక్కడున్నారని అడుగుతున్నారు. చిచ్చాకు అరబీ వచ్చు, ఉర్దూ వచ్చు, కానీ చెప్పడానికి పేరు లేదు. “చెరువు దగ్గర” అని మూడు భాషల్లో చెప్పాడు. మేం పెట్టుకున్న పేరు మాకు తప్ప ఎవరికీ తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. వెనక్కి చూస్తే చెరువు ఇంతకుముందున్న చోట లేదు. తెల్లటి నేల మీద పల్చటి తడి చార ఒకటి మా వైపు వస్తోంది.

బాపు అప్పటికి నడుము దాకా ఉన్నాడు. బకెట్ మాత్రం రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నాడు. “చేపలు ఒదులన్నా!” అని చిచ్చా అరిచాడు. “ఒదిలితే పోతయ్ కదరా” అన్నాడు బాపు. “ఒదలకపోతే నువ్వు పోతవ్! నువ్వు చేపల్ని తినుడు కాదు, చేపలే నిన్ను తింటయ్!” బాపు బకెట్ దించాడు. అది ఒరిగి, చేపలు బురద మీద టపటపా కొట్టుకున్నాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చేపల మార్కెట్‌లో వినిపిస్తే బయటికి వచ్చేస్తాను.

చిచ్చా నా వైపు తిరిగాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ గొంతు మెల్లగా ఉంది. “బిడ్డా, నన్ను ఇది మొయ్యదు. నువ్వు గాలి లెక్క ఉన్నవ్. అమ్మ కాడ చాప ఉన్నది, తీస్కరా. ఈ అడుగుల్ల పోకు, తొక్కిన కాడ పెచ్చు పగిలింది. ఎవ్వరు తొక్కని కాడ పో. హల్లు హల్లు, మెల్లగ. ఉరకకు.” ఎవరూ తొక్కని చోట. పుట్టినప్పటి నుంచి బాపు వెళ్ళొద్దన్న చోటు అదే. నేను బాపు వైపు చూశాను. ఆయన తల ఊపాడు. ఒక కాలు పక్కకు, శుభ్రమైన తెల్లటి ఉప్పు మీద పెట్టాను. కరకరమంది. మోసింది. ఇంకో కాలు. ముందు ఎవరి వీపూ లేదు. అంత ఖాళీ నేను ఎప్పుడూ చూడలేదు. పిక్అప్ అగ్గిపెట్టెలా ఉంది. దాని పక్కన నిలబడి అమ్మ చేయి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. బాపు కూర్చున్నాడని అనుకుందట. పరుగెత్తాలనిపిస్తోంది, పరుగెత్తకూడదు. ఏడిస్తే అడుగు కనిపించదు, కాబట్టి ఏడవకూడదు. ఆ దూరం నేను ఎంతసేపు నడిచానో నాకు తెలియదు.

అమ్మ నా ముఖం చూసి చాప లాగి ఉల్లిగడ్డలు దులిపేసింది. తనూ వస్తానంది. “నిన్ను మొయ్యదే అమ్మా” అన్నాను. పాపం, అమ్మ అక్కడే నిలబడిపోయింది, చీరకొంగు నోట్లో కుక్కుకుని.

తిరిగి వచ్చేసరికి తడి చార బాపు వీపును తాకింది. చిచ్చా తన తలపాగా గుడ్డ విప్పి చాప మూలకు ముడివేసి, ఒక కొస తను పట్టుకుని బోర్లా పడుకున్నాడు. నేను చాప మీద బోర్లా పడుకుని, దాన్ని ముందుకు తోసుకుంటూ పాకాను. చాప నిండా ఉల్లిగడ్డ వాసన. చెంప కింద నేల ఊగుతోంది, పెద్ద జంతువేదో ఊపిరి తీస్తున్నట్టు. చాప అంచు బాపు ఛాతీకి తగిలింది. ఆయన రెండు చేతులూ దాని మీద వేశాడు. దగ్గర నుంచి చూస్తే పెదవులు తెల్లగా ఉన్నాయి. “భయపడకు” అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో, తనతో అనుకున్నాడో. “గుంజకన్నా, పండుకో. ముందుకు పండుకో. కాలు జర జర కదుపు, తొందర నక్కో, తొందరొద్దు” అని వెనుక నుంచి చిచ్చా చెబుతూనే ఉన్నాడు. బాపు చాప మీద బరువంతా వాల్చి ఒక కాలు కొంచెం కొంచెంగా ఊపుతూ ఉన్నాడు. బురద వదలదు. నీళ్ళు నా మోచేతుల కిందికి వచ్చాయి. చల్లటి నీళ్ళు. నేను బాపు మణికట్టు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఎంతకీ వదలని బురద, చివరికి పెద్ద ముద్దు శబ్దంతో ఒక కాలిని వదిలింది. కాసేపటికి రెండోదాన్ని. లుంగీని మాత్రం ఇవ్వలేదు.

వచ్చే దారంతా ముగ్గురం పాక్కుంటూ, తర్వాత వంగి, దూరదూరంగా, ఎవరి దారి వాళ్ళం చూసుకుంటూ వచ్చాం. అమ్మ తిట్టలేదు. బాపును పిక్అప్ వెనుక కూర్చోబెట్టి, తాగే నీళ్ళ డబ్బా మొత్తం ఆయన మీద పోసి కడిగింది. ఇంటికొచ్చాక బాత్‌రూంలో చాపను బ్రష్ పెట్టి తోమింది. ఆ రాత్రికే దాన్ని పరిచి పప్పు, అన్నం వడ్డించింది.  బాపు ముద్ద కలపకుండా కూర్చుంటే అమ్మ తనే కలిపి ముద్దలు పెట్టింది. మళ్ళీ శనివారం నుంచి క్యాంపులో చిచ్చా ఒకటే కథ చెప్పుకున్నాడు: “గంగన్న ఖతర్‌ల నాటేసిండు. నారు లేదు, తననే నాటుకున్నడు!” అందరూ నవ్వితే బాపు కూడా నవ్వేవాడట. ఊరి నుంచి అమ్మమ్మ ఫోన్ చేసి, “దుబాయ్‌ల బురద గూడ ఉంటదా బిడ్డా?” అని ఆశ్చర్యపోయింది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే. చెరువు ఊసు మాత్రం మా ఇంట్లో అక్కడితో ఆగిపోయింది. ఇంగువ ముద్ద లేదు. గురువారాలు మామూలు వాసనలోకి వచ్చేశాయి.

ఇప్పుడు నేను లుసైల్ అనే కొత్త ఊళ్ళో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. కింద హాలంతా తెల్లటి రాయి పరిచారు. పొద్దున లోపలికి వచ్చేటప్పుడు తెలియకుండానే మడమ ముందు ఆనించి, వెనుక కాలి మీద బరువు ఉంచి నడుస్తాను. టైల్స్ లెక్కపెడుతున్నావా అని పక్క సీటు అమ్మాయి ఒకసారి అడిగింది.  బాపు నన్ను దింపడానికి మొదటిసారి వచ్చినప్పుడు ఆ అద్దాల భవనాన్ని తలెత్తి చూడలేదు, దాని మొదలు వైపు చూశాడు. “ఇదంత గా చెరువు కాడి లెక్కనే ఉండె బిడ్డా. ఎన్ని బండ్ల మట్టి పోయించిన్నో ఇక్కడ” అన్నాడు. గర్వంగానే అన్నాడు. ఆ రోజు లిఫ్ట్‌లో పైకి వెళ్తుంటే నా కాలివేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. చిన్నప్పుడు భయానికి ఒక చోటు ఉండేది. వారానికి ఒక పొద్దు, ఒక తెల్లటి మైదానం. దాటితే అయిపోయేది. ఇప్పుడది నేల కిందే ఉంది, ఎక్కడైనా.

అయినా శుక్రవారం బయలుదేరాం, బాపూ నేనూ. ఇంగువ ముద్ద అమ్మే చేసి ఇచ్చింది, ముఖం పక్కకు తిప్పుకుని. చాప ఇవ్వలేదు. దారిలో బాపు ఫోన్‌లో ఖాదర్ చిచ్చాకు వీడియో కాల్ చేశాం. ఆయన ఎప్పుడో నిజామాబాద్ వెళ్ళిపోయి బండ్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. “అరే, మళ్ళ నాటుకేనా?” అన్నాడు. కానీ వెంటనే నా వైపు చూసి నవ్వు ఆపాడు. “సముద్రం ఎప్పుడు పెరుగుతదో చూసుకున్నవా బిడ్డా?” చూసుకున్నానని నా ఫోన్‌లో పోటు వేళలు చూపించాను.

గులకరాళ్ళ నేల చివర బాపు చెప్పులు విప్పాడు. ఆయన కాళ్ళు సన్నబడ్డాయి, పిక్కల మీద నరాలు తేలాయి. ఎదురుగా అదే తెల్లదనం. ముందు నడుస్తాడని ఆగాను. ఆయన కదల్లేదు. నా మోచేయి పట్టుకుని, “నువ్వు ముందు నడువ్” అన్నాడు. అప్పుడే చూశాను, ఆయన కాలివేళ్ళు కూడా ముడుచుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను.

ఎవరూ తొక్కని చోటు చూసుకుని అడుగు వేశాను. కరకర. మోసింది. ఇంకొకటి. వెనుక ఆయన కదిలిన చప్పుడు లేదు. తిరిగి చూశాను. బాపు లుంగీ పైకి పట్టుకుని, కాలు ఎత్తి, జాగ్రత్తగా గురి చూసి నా అడుగు గుర్తులోనే పెట్టబోతున్నాడు.

“బాపూ! నా అడుగుల్ల ఎయ్యకు!”

అంత గొంతు నాలో ఉందని నాకు తెలియదు. నీళ్ళ దగ్గర పక్షులు ఒక్కసారిగా లేచాయి. బాపు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి నన్ను చూశాడు, ఎవరినో కొత్తగా చూస్తున్నట్టు. తర్వాత నెమ్మదిగా ఆ కాలిని పక్కకు జరిపి, శుభ్రమైన ఉప్పు మీద దించాడు. నేను ఊపిరి బిగబట్టి ఆ కరకర కోసం చెవులు రిక్కించాను.